ఇటలీ టూరిస్టు వీసాకి ఏజెంటు సర్వీసు: కట్టిన డబ్బుకి ఏం వస్తుంది, ఏం రాదు

అమలాపురం నుంచి భీమవరం దాకా ఏ ఊళ్లో చూసినా ఏదో ఒక ట్రావెల్ ఆఫీసు అద్దానికి కొలోసియం బొమ్మ, దాని కింద ‘షెంజెన్ వీసాలు చేయబడును’ అన్న అక్షరాలు కనబడతాయి. షెంజెన్ అంటే ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల ప్రాంతం, ఇటలీ అందులో ఒకటి. ఈ సమీక్ష ఆ వీసా సర్వీసు గురించి. ఫలానా ఆఫీసు గురించి కాదు. గోదావరి జిల్లాల్లో ఇటలీ వీసా పేరుతో అమ్మే ప్యాకేజీలో మామూలుగా ఏమేం ఉంటాయి, వాటిలో దేనికి డబ్బు కట్టొచ్చు, దేనికి కట్టక్కర్లేదు అన్నదే ఇక్కడి లెక్క. తీర్పు ముందే చెప్పేస్తే: ఫారం నింపినందుకూ స్లాటు (దరఖాస్తు ఇచ్చే అపాయింట్‌మెంటు) పట్టినందుకూ ఇచ్చే డబ్బు దండగ. మీ పొలం కాగితాలనీ చెరువు లెక్కలనీ వరి చేను ఎప్పుడూ చూడని ఆఫీసరుకి అర్థమయ్యేలా ఒక్క పేజీ ఉత్తరంలో పెట్టగల మనిషి దొరికితే మాత్రం అడిగింది ఇవ్వొచ్చు. అలాంటివాళ్లు తక్కువ.

రేటు విడగొట్టి అడగండి

‘మనిషికి ఇంత’ అని ఒకే అంకె చెబితే దాన్ని మూడు ముక్కలు చేసి రాసివ్వమనండి. మొదటిది వీసా రుసుము. 2024 జూన్ 11 నుంచి ఇది పెద్దలకి 90 యూరోలు, 6 నిండి 12 నిండని పిల్లలకి 45 యూరోలు, ఆరేళ్లలోపు వాళ్లకి ఏమీ లేదు. రెండోది హైదరాబాదులోని దరఖాస్తు కేంద్రం తీసుకునే సర్వీసు చార్జీ. షెంజెన్ వీసా నియమావళి ప్రకారం ఇది మామూలుగా వీసా రుసుములో సగం దాటకూడదు. మూడోది ఏజెంటు సొంత ఫీజు. ఈ మూడూ కలిపేసి చెబితే నాలుగేళ్ల పిల్లాడికి కూడా 90 యూరోలు పడిపోతాయి, మీకు తెలియను కూడా తెలియదు.

దరఖాస్తు కేంద్రం అమ్మే ఎస్సెమ్మెస్, ఫొటోకాపీ, ప్రీమియం లాంజ్ లాంటివి ఇష్టమైతేనే. లాంజ్‌లో కూర్చున్నంత మాత్రాన ఫైలు ముందుకి కదలదు. కొరియర్ ఒక్కటి మనవాళ్లకి పనికొస్తుంది, పాస్‌పోర్టు కోసం మళ్లీ హైదరాబాదు వెళ్లే పని తప్పుతుంది. అయితే జులై, ఆగస్టుల్లో గోదావరి పొంగి పడవలు ఆపేసిన రోజుల్లో లంక గ్రామం అడ్రసు ఇవ్వకండి. రాజమండ్రిలోనో అమలాపురంలోనో ఉన్న చుట్టాల ఇల్లు రాయించండి, అక్కడ తీసుకునేవాళ్లు ఏ గుర్తింపు కార్డు చూపించాలో కూడా ముందే కనుక్కోండి.

వీసా రాకపోతే 90 యూరోలు తిరిగి రావు. ఏజెంటు తన వాటా వెనక్కిస్తాడా లేదా అన్నది రసీదు మీద రాయించుకోవాలి, నోటిమాట మీద వదలకూడదు. ‘గ్యారంటీ’ అన్న మాట వినబడితే ఆ ఆఫీసు మెట్లు దిగేయొచ్చు. నిర్ణయం ఇటలీ కాన్సులేటుది. దరఖాస్తు కేంద్రం వాళ్లు కూడా కాగితాలూ వేలిముద్రలూ తీసుకుని పంపడం వరకే. వాళ్లకే లేని అధికారం బస్టాండు ఎదురు ఆఫీసుకి ఎక్కడిది?

స్లాటు కోసం దేశం మార్చడం

ఈ సర్వీసులో ఎక్కువ చేటు చేసేది ఇదే. ఇటలీకి స్లాటు లేదనీ, మరో దేశానికి ఖాళీగా ఉందనీ, అక్కడ వేసేసి ఇటలీ తిరిగి రావచ్చనీ అంటారు. షెంజెన్ ప్రాంతంలో 29 దేశాలున్నాయి, ఒక వీసాతో అన్నీ తిరగొచ్చు, అంతవరకు నిజం. కానీ దరఖాస్తు ఎక్కువ రోజులు ఉండబోయే దేశానికే చెయ్యాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. వీసా ఒక దేశానిది, హోటళ్లన్నీ ఇంకో దేశంలో అయితే విమానాశ్రయంలో ఆఫీసరు అడిగే మొదటి ప్రశ్నకే జవాబు ఉండదు. వీసా ఉన్నా వెనక్కి పంపే అధికారం వాళ్లకి ఉంది. వీసా రద్దయితే ఆ సంగతి షెంజెన్ వీసా సమాచార వ్యవస్థలో నమోదవుతుంది, తర్వాత ఏ దేశం కాన్సులేటు చూసినా కనబడుతుంది.

స్లాటు కష్టానికి మందు దేశం మార్చడం కాదు, తొందరగా మొదలుపెట్టడం. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు. 15 రోజుల ముందు ఆఖరి గడువు. మామూలుగా 15 రోజుల్లో నిర్ణయం వస్తుంది, అవసరమనుకుంటే 45 రోజుల దాకా పెంచుకోవచ్చు. ఈ 45 రోజులూ మన లెక్కలో వేసుకుని, స్లాటు దొరకడానికి ఇంకో నెల కలుపుకుని, ప్రయాణానికి మూడు నెలల ముందే కూర్చున్నవాళ్లకి ఏజెంటు పలుకుబడి అవసరం రాదు.

పేరు, ఊరు, జిల్లా

పాస్‌పోర్టు గత పదేళ్లలోపు ఇచ్చినదై ఉండాలి. షెంజెన్ నుంచి బయటపడే రోజు తర్వాత కనీసం 3 నెలలు చెల్లుబాటు కావాలి. రెండు పేజీలు ఖాళీ ఉండాలి. ఈ మూడూ ఏజెంట్లు చూస్తారు. చూడనిది పేరు.

మన పాత పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు రెండో గడిలోనే ఉండడం మామూలే. కొన్నిట్లో ఇంటిపేరు ఒక్క అక్షరం. ఫారంలో పాస్‌పోర్టు ఎలా ఉంటే అలాగే రాయాలి, పొడి అక్షరాన్ని విప్పి రాయకూడదు. టికెట్టూ, ఇన్సూరెన్సూ, హోటలూ అన్నీ అదే స్పెల్లింగుతో ఉండాలి. కొలోసియం టికెట్లు కూడా పేరు మీదే ఇస్తారు, ప్రవేశం దగ్గర పాస్‌పోర్టుతో పోల్చి చూస్తారు. ఒక చోట ‘సత్యనారాయణ’, ఇంకోచోట ‘సత్యన్నారాయణ’ అని ఇంగ్లీషులో ఒక్క అక్షరం పెరిగినా ఆ తంటా అంతదూరం వెళ్లి పడాలి.

జిల్లా పేరు ఇంకో చిక్కు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. పాస్‌పోర్టులో తూర్పు గోదావరి అనీ, ఆధార్లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ అనీ ఉంటే రెండూ ఒకే ఊరని ఇటలీ వాళ్లకి ఎలా తెలుస్తుంది? దీని కోసం పాస్‌పోర్టు మార్చక్కర్లేదు. కవరింగ్ లెటర్లో ఒక వాక్యం చాలు: 2022లో జిల్లాల పునర్విభజన జరిగింది, ఊరు అదే. ఈ వాక్యం రాసే ఏజెంటైతే పని తెలిసినవాడని లెక్క.

అసలు పని: పంట డబ్బుని చూపించడం

ఉద్యోగికి కాగితాలు తేలిక. జీతం చీటీలు, సెలవు మంజూరు లేఖ, ఇన్‌కంటాక్స్ రిటర్ను పెడితే సరిపోతుంది. డెల్టాలో చిక్కంతా రైతుదీ, చెరువు వ్యాపారిదీ, కొబ్బరి వర్తకుడిదీ. వీళ్లకి డబ్బు లేక కాదు, నెలనెలా రాదు కాబట్టి. దాళ్వా (రబీ వరి) కోత ఏప్రిల్లో అవుతుంది, ధాన్యం డబ్బు ఒక్కసారి పడుతుంది. సార్వా (ఖరీఫ్ వరి) డబ్బు డిసెంబరు, జనవరిలో. వనామీ రొయ్యయితే పిల్ల వదిలిన మూడు నాలుగు నెలలకి ఒక పట్టుబడి, ఆ రోజు లక్షల్లో జమ, ఆ వారంలోనే మేత బాకీకీ డీజిలుకీ లీజుకీ సగం వెళ్లిపోతుంది. బ్యాంకు స్టేట్‌మెంటులో ఇది ఎలా కనబడుతుందంటే, రెండు నెలలు ఖాళీ, దరఖాస్తుకి పది రోజుల ముందు పెద్ద మొత్తం. అప్పు తెచ్చి చూపించే డబ్బు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. ఆఫీసరు తప్పేమీ లేదు.

చాలామంది ఏజెంట్లు ఇచ్చే సలహా ‘ఖాతాలో ఇంత ఉంచండి’ అని. అది తప్పుడు వైద్యం. చెక్‌లిస్టు 3 నెలల స్టేట్‌మెంటు అడిగినా రైతులు ఏడాదిది పెట్టాలి. కిందటి ఏడాది ఇదే నెలలో ఇలాంటి జమే ఉందని కనబడితే అనుమానం దానంతట అదే పోతుంది. ప్రతి పెద్ద జమ పక్కనా పెన్సిలుతో ఒక అంకె వేసి, అదే అంకెతో దాని ఆధారం జతపరచాలి. ధాన్యానికైతే కొనుగోలు కేంద్రం రసీదు లేదా మిల్లు కాటా చీటీ. రొయ్యలకైతే కౌంటూ (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) కిలోలూ రేటూ ఉన్న కొనుగోలుదారు బిల్లు. కొబ్బరికైతే దింపు లెక్క రాసిన వర్తకుడి బిల్లు. పట్టుబడి డబ్బు నగదుగా తీసుకునే అలవాటు ఉన్నవాళ్లు వీసా ఆలోచన వచ్చిన రోజు నుంచే ఖాతాలో వేయించుకోవడం మొదలుపెట్టాలి. చేతిలో ఎంత ఉన్నా కాగితం మీద లేకపోతే లేనట్టే.

భూమికి అడంగలూ 1బీ మీభూమి నుంచి వస్తాయి, పట్టాదారు పాస్‌పుస్తకం ఎలాగూ ఉంటుంది. ఇవి తెలుగులో ఉన్నవైతే ఇంగ్లీషు అనువాదం కావాలి. అనువాదంలో ఎకరాలూ సెంట్లూ అలాగే వదిలేస్తే ఇటలీ ఆఫీసరుకి అందదు. ఒక ఎకరం సుమారు 0.4 హెక్టారు అని పక్కన రాయించండి. కౌలుకిచ్చిన భూమైతే కౌలు కాగితం, మగతా (కౌలు కింద వచ్చే ధాన్యం) ఎన్ని బస్తాలో, దాని విలువ ఎంతో. ఉమ్మడి ఆస్తి తండ్రి పేరు మీద ఉండి ప్రయాణం కొడుకుదైతే, తండ్రి ఖర్చు భరిస్తున్నట్టు లేఖ, ఆయన స్టేట్‌మెంటు, బంధుత్వం రుజువు మూడూ కలిసి ఉండాలి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి రిటర్ను లేదనడం న్యాయమే, కానీ ఆ ముక్క ఉత్తరంలో చెప్పాలి. చెప్పకపోతే పన్ను ఎగ్గొట్టినవాడిలా కనబడతాం.

ఈ భూమి కాగితాలు డబ్బు కోసమే కాదు. వీసా నిరాకరణ పత్రంలో టిక్కు పెట్టే కారణాల్లో ఒకటి, గడువులోగా తిరిగి వెళతారన్న నమ్మకం కలగలేదన్నది. అక్టోబరులో కోతకి ముందు చేనుకి నీరు పెట్టాల్సినవాడు, నవంబరులో పట్టుబడి ఉన్నవాడు ఇటలీలో ఉండిపోడు. ఆ మాట పంట తేదీలతో రాస్తే జాబు బలంగా ఉంటుంది. ‘నేను కచ్చితంగా తిరిగొస్తాను’ అని మూడుసార్లు రాస్తే ఏ బలమూ ఉండదు.

ఎంత డబ్బు చూపాలన్న ప్రశ్నకి ఇటలీకి 2000 మార్చి 1 నాటి ఆదేశం ఉంది. 6 నుంచి 10 రోజుల ప్రయాణానికి ఒక్కరైతే రోజుకి 44.93 యూరోలు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి వెళ్తే మనిషికి రోజుకి 26.33. పాతికేళ్ల కిందటి ఈ అంకెలు కనీసం మాత్రమే. రోమ్‌లో రోజుకి 26 యూరోలతో బతకడం తీర్థయాత్రలో సత్రంలో పడుకుని అన్నదానంలో తిన్నట్టు. హోటలు ఖర్చు పోను రోజుకి 80 నుంచి 100 యూరోలు సులువుగా భరించగలరని స్టేట్‌మెంటు చెబితే ఎవరూ వేలు పెట్టరు.

ఉత్తుత్తి బుకింగులు

విమానం టికెట్టు ముందే కొనక్కర్లేదు, రాకపోకల రిజర్వేషను చాలు. దీన్నే ఏజెంట్లు ‘డమ్మీ’ అంటారు. రెండు రకాలున్నాయి. ఒకటి నిజంగా ఎయిర్‌లైన్సు దగ్గర పట్టి ఉంచిన రిజర్వేషను, గడువు తీరితే పోతుంది. రెండోది కంప్యూటరులో తయారైన కాగితం. పీఎన్ఆర్ నంబరు అడిగి, ఎయిర్‌లైన్సు సైటులో మీరే కొట్టి చూస్తే ఏదో నిమిషంలో తెలిసిపోతుంది. రెండోది పెట్టడం ఫోర్జరీ కిందకి వస్తుంది, దాని దెబ్బ ముందు పడేది మీ దరఖాస్తు మీదే. హోటళ్లు ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నవి మీ కార్డుతో మీరే పట్టుకోండి. వీసా రాగానే అన్నీ రద్దు చేసి చవక గదులకి మారడం ఏజెంట్ల మామూలు సలహా. మారండి, కానీ ఊళ్లూ తేదీలూ మార్చకండి.

ఇన్సూరెన్సు ప్యాకేజీలో కలిపి ఇస్తారు, వద్దనండి. విడిగా ఆన్‌లైన్లో కొనొచ్చు. కనీసం 30,000 యూరోల కవరేజీ, షెంజెన్ దేశాలన్నిటికీ చెల్లుబాటు, అత్యవసర వైద్యం, స్వదేశానికి తరలింపు, ఇవి పాలసీ మీద రాసి ఉండాలి. బీపీ, షుగరు ఉన్న పెద్దవాళ్లకి ముందున్న జబ్బుల నిబంధన చదివి తీరాలి. ఏజెంటు ఇచ్చే చవక పాలసీ ఆ జబ్బుతో వచ్చే అవస్థకి రూపాయి ఇవ్వకపోవచ్చు, వీసాకి మాత్రం సరిపోతుంది. తేడా అదే.

హైదరాబాదు ప్రయాణం

‘మీరు రానక్కర్లేదు, మేం చూసుకుంటాం’ అన్నది అందరికీ వర్తించదు. గత 59 నెలల్లో షెంజెన్ వీసా కోసం వేలిముద్రలు ఇచ్చి ఉంటేనే మళ్లీ ఇవ్వకుండా జరగొచ్చు. లేదంటే స్వయంగా వెళ్లాలి. 12 ఏళ్లలోపు పిల్లలకి వేలిముద్రలు లేవు. కానీ వాళ్ల దరఖాస్తు మీద తల్లీ తండ్రీ ఇద్దరి సంతకాలూ, జనన ధ్రువపత్రమూ కావాలి. తండ్రి గల్ఫులో ఉంటే ఆయన సమ్మతి పత్రం తెప్పించడానికే నెల పడుతుంది, అందుకే దీన్ని ముందు మొదలుపెట్టాలి.

పీచు వలిచి, చెరువులో సున్నం, బ్లీచింగు చల్లి అరిగిపోయిన వేళ్లు యంత్రానికి అందవు. ఆధార్ దగ్గర ఇబ్బంది పడ్డవాళ్లకి ఇక్కడా అదే ఇబ్బంది. వారం ముందు నుంచి ఆ పనులు మాని, రాత్రిళ్లు వేళ్లకి కొబ్బరినూనె రాసుకుంటే చర్మం కొంత తేరుకుంటుంది. వెళ్లే రోజు పొద్దున మాత్రం నూనె రాయొద్దు. ఆషాఢంలో స్లాటు పడితే ఆడవాళ్లు వేళ్ల కొనలకి గోరింటాకు పెట్టుకోకుండా ఉండడం మేలు.

ఫొటో 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు, తెల్లటి వెనుక తెర, ముఖం ఫొటోలో 70 నుంచి 80 శాతం. మన స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటో అంటే ఇచ్చేది వేరే కొలత కావచ్చు, షెంజెన్ కొలత అని చెప్పి తీయించండి. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కి పొద్దున దిగి నేరుగా వెళ్లేవాళ్లు పది, పదకొండు తర్వాతి స్లాటు పట్టండి. రైలు గంట ఆలస్యమైనా స్లాటు పోదు.

వీసా చేతికొచ్చాక చదవాల్సింది

స్టిక్కరు మీద రెండు వేరు వేరు సంగతులుంటాయి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది ఒకటి, మొత్తం ఎన్ని రోజులు ఉండొచ్చు అన్నది ఇంకొకటి. అనుకోని ఆలస్యాల కోసం తేదీల మధ్య 15 రోజులు అదనంగా ఇస్తారు, రోజుల సంఖ్య మాత్రం పెరగదు. 12 రోజులని రాసి ఉండి తేదీల మధ్య 27 రోజులుంటే ఉండాల్సింది 12 రోజులే. దిగిన రోజూ ఎక్కే రోజూ రెండూ లెక్కలోకి వస్తాయి. ఎక్కువ రోజులిచ్చే వీసా అయినా ఏ 180 రోజుల్లో చూసినా 90 దాటకూడదు.

2024 ఏప్రిల్ 18న భారతీయులకి ఒక వెసులుబాటు వచ్చింది. మూడేళ్లలో రెండు షెంజెన్ వీసాలు సక్రమంగా వాడినవాళ్లకి రెండేళ్ల మల్టిపుల్ వీసా (ఆ గడువులో ఎన్నిసార్లైనా వెళ్లి రావచ్చు), ఆ తర్వాత అయిదేళ్లది ఇచ్చే పద్ధతి. పాస్‌పోర్టులో అంత గడువు ఉండాలి. పిల్లలు యూరప్‌లో స్థిరపడిన తల్లిదండ్రులకి ఇది బంగారం లాంటిది. పాత వీసాల కాపీలు పడెయ్యకండి. ఇంకొకటి, ఎటియాస్ అనే అనుమతి గురించి కొందరు ఏజెంట్లు డబ్బు అడుగుతున్నారు. అది వీసా అక్కర్లేని దేశాల వాళ్ల కోసం. మనకి సంబంధం లేదు.

సరిహద్దులో ముద్ర వేసే పద్ధతి బదులు కంప్యూటరు నమోదు తెచ్చారు. 2025 అక్టోబరు 12న మొదలైంది, అన్ని సరిహద్దుల్లో అమలుకి 2026 ఏప్రిల్ 10 గడువుగా పెట్టారు. వీసా తీసుకున్నవాళ్ల వేలిముద్రలు ముందే ఉంటాయి కాబట్టి అక్కడ ముఖం ఫొటో తీసి సరిచూస్తారు. హైదరాబాదు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా రోమ్ వెళ్తే ఈ తనిఖీ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే అవుతుంది. అందుకని గంటా గంటంపావు వ్యవధి ఉన్న కనెక్షను తీసుకోకండి, మూడు గంటలుంటే గుండె నిబ్బరంగా ఉంటుంది. ఇలా మరో షెంజెన్ దేశం మీదుగా ఇటలీ చేరినవాళ్లు 8 రోజుల్లోగా పోలీసులకి తమ ఉనికి తెలపాలి. హోటల్లో దిగితే చెక్-ఇన్ దగ్గర వాళ్లు తీసుకునే వివరాలే ఆ పని చేస్తాయి. చుట్టాల ఇంట్లో దిగితే మాత్రం మీరే వెళ్లాలి, ఆతిథ్యమిచ్చినవాళ్లు కూడా 48 గంటల్లో విడిగా తెలియజేయాలి. ప్యాకేజీ అమ్మేవాళ్లెవరూ ఈ ముక్క చెప్పరు.

పచ్చళ్ల పెట్టె

యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లడం నిషేధం. కోడి పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి డబ్బా ఇవన్నీ పట్టుబడితే చెత్తబుట్టలోకే, జరిమానా పడినా పడొచ్చు. చేపలకీ రొయ్యలకీ మాత్రం మనిషికి 20 కిలోల దాకా అనుమతి ఉంది. అంటే భీమవరం రొయ్యల పచ్చడి దర్జాగా వెళ్లొచ్చు. కాకినాడ కాజాలు, ఆత్రేయపురం పూతరేకులు మిఠాయి లెక్కలోకి వస్తాయి. పాలకోవా జోలికి పోకండి. పచ్చి పళ్లకీ ఆకులకీ ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, మామిడికాయా కరివేపాకూ ఆ లెక్కే. మినహాయింపు అయిదింటికి: అనాస, కొబ్బరికాయ, అరటి, ఖర్జూరం, దురియన్. కోనసీమ వాళ్లని దృష్టిలో పెట్టుకుని రాశారా అనిపిస్తుంది. కొబ్బరికాయ వెళ్తుంది కానీ ఎండు కొబ్బరి మన విమానాశ్రయంలోనే ఆపుతారు. నూనె ఎక్కువ, అంటుకుంటే మండే సరుకు కాబట్టి చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు. పచ్చడి చేతిసంచిలో పెడితే 100 మిల్లీలీటర్ల నియమం కిందకి వస్తుంది, పెద్ద పెట్టెలోనే పెట్టాలి. మాత్రలు మాత్రం చేతిసంచిలో, ఇంగ్లీషు ప్రిస్క్రిప్షనుతో.

నగలు ఎక్కువ వేసుకుని వెళ్లేవాళ్లు బయలుదేరే ముందు కస్టమ్స్ దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకుంటే తిరిగొచ్చాక సుంకం గొడవ ఉండదు. ఆ మాటకొస్తే రోమ్‌లో మెట్రో, 64 నంబరు బస్సు జేబుదొంగలకి పేరుపడ్డవి. నల్లపూసలు చాలు.

విదేశీ నోట్లు ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ వరకే ఇస్తారు, మిగతాది ఫారెక్స్ కార్డులో వేసుకోవాలి. టూర్ ప్యాకేజీ కొంటే టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందుగానే వసూలు చేసే ఇన్‌కంటాక్స్) పట్టుకుంటారు. అది పోయే డబ్బు కాదు, కానీ వెనక్కి రావాలంటే రిటర్ను వేయాలి. రిటర్ను వేసే అలవాటు లేని రైతులు ఆ ఒక్క ఏడాదైనా వేయాలి, బిల్లు మీద పాన్ నంబరు సరిగా ఉందో లేదో చూసుకోవాలి.

ప్యాకేజీలో లేని ఖర్చులు

‘అన్నీ కలిపి’ అన్న ప్యాకేజీలో కలవనిది నగర పన్ను. రోమ్‌లో మూడు నక్షత్రాల హోటలైతే మనిషికి రాత్రికి 6 యూరోలు, అయిదు నక్షత్రాలదైతే 10. పదేళ్లలోపు పిల్లలకి లేదు. భార్యాభర్తలు మూడు నక్షత్రాల హోటల్లో నాలుగు రాత్రులుంటే 48 యూరోలు, అక్కడే కట్టాలి. వెనిస్‌కి పగటిపూట వచ్చిపోయేవాళ్లకి 2024 నుంచి ప్రవేశ రుసుము పెట్టారు. వసంతం, వేసవిలో ఎంచిన రోజుల్లో ముందుగా కడితే 5 యూరోలు, ఆఖరి రోజుల్లో కడితే 10. వెనిస్ నగరపాలక పరిధిలో బస చేసినవాళ్లకి రుసుము లేదు, మెస్త్రే కూడా ఆ పరిధిలోదే. గ్రూపు టూర్లు చవకని పాదోవా వైపు హోటళ్లు ఇస్తే ఆ రుసుము మీ మీద పడుతుంది. హోటలు మెస్త్రేనా, ఇంకా దూరమా అని అడగండి.

రోమ్ విమానాశ్రయం ఫియుమిచీనో నుంచి తెర్మినీ స్టేషనుకి లెయొనార్దో ఎక్స్‌ప్రెస్ 32 నిమిషాలు, 14 యూరోలు. ప్రాంతీయ రైళ్లకి కాగితపు టికెట్టు కొంటే ఎక్కే ముందు ప్లాట్‌ఫారం మీది యంత్రంలో ముద్ర వేయించాలి. కొన్న టికెట్టే చేతిలో ఉన్నా ముద్ర లేకపోతే జరిమానా. మన పల్లెవెలుగు అలవాటుతో పర్యాటకులు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. వేగపు రైళ్లకి ఈ గొడవ లేదు, సీటు నంబరు ఉంటుంది.

వాటికన్ చర్చిలో భుజాలూ మోకాళ్లూ కప్పి ఉండాలి. చీరా, పంచె నిక్షేపంగా చెల్లుతాయి, కుర్రాళ్ల నిక్కర్లే చెల్లవు. వాటికన్ మ్యూజియాలకి ఆదివారం సెలవు, నెలలో ఆఖరి ఆదివారం తప్ప. గ్రూపు టూర్ షెడ్యూలులో ఆదివారం వాటికన్ కనబడితే మ్యూజియం లోపలికా, బయట చౌకు వరకేనా అని రాతపూర్వకంగా అడగాలి. మంచినీళ్ల సీసాలు కొనక్కర్లేదు, రోమ్ వీధుల్లో నిరంతరం పారే నసోనీ కుళాయిల నీళ్లు తాగేవే. కాఫీ బల్ల దగ్గర కూర్చుని తాగితే ధర పెరుగుతుంది, కౌంటరు దగ్గర నిలబడి తాగడమే అక్కడి పద్ధతి. హోటలు బిల్లులో ‘కొపెర్తో’ అని ఉంటే అది మనిషికి వేసే బల్ల చార్జీ. గట్టి శాకాహారులకి ఒక సంగతి: పార్మిజానో చీజ్ తయారీలో దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. ‘సెన్జా ఫొర్మాజ్జో’ అంటే చీజ్ లేకుండా అని. ఆగస్టు 15 చుట్టుపక్కల ఊళ్లు సగం మూసేసుకుని జనం సముద్రానికి పోతారు. మన రైతుకి కుదిరేది సెప్టెంబరు: నాట్లు అయిపోయి ఉంటాయి, ఎండ తగ్గుతుంది, దరఖాస్తు మే, జూన్‌లో పడితే దాళ్వా డబ్బు స్టేట్‌మెంటులో తాజాగా కనబడుతుంది.

రాకపోతే

నిరాకరణ పత్రంలో కారణం గడికి టిక్కు ఉంటుంది. ఏజెంటు చెప్పిన కారణం కాదు, ఆ గడి చూడండి. 60 రోజుల్లోగా రోమ్‌లోని లాజియో పరిపాలనా కోర్టుకి అప్పీలు చేసుకోవచ్చు, కానీ పది రోజుల విహారానికి ఇటలీ లాయరుని పెట్టుకోవడం ఎలుక కోసం ఇల్లు తగలబెట్టుకోవడమే. లోటు సరిదిద్ది మళ్లీ దరఖాస్తు పెట్టడమే దారి, పాత నిరాకరణని దాచకుండా. ఆ వివరాలు వీసా వ్యవస్థలో అయిదేళ్లు ఉంటాయి. ‘వేరే దేశానికి వేసేద్దాం, వాళ్లకి తెలియదు’ అని ఏజెంటు అంటే మీ ఫైలు, ముఖ్యంగా అసలు పాస్‌పోర్టు, ఆ పూటే వెనక్కి తీసుకోండి.